హొసకోటె దగ్గర 4 ఎకరాల బండ్ల యార్డు: కెమెరాలు పెంచాలా, కాపలా పద్ధతి మార్చాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. బెంగళూరు శివార్లలోని హొసకోటె దాటాక హైవే పక్కన 4 ఎకరాల యార్డు. ఫైనాన్స్ కంపెనీలు సీజ్ చేసి తెచ్చి నిలిపిన బండ్లు 300 దాకా. రాత్రికి ఇద్దరు వాచ్‌మన్లు, 16 కెమెరాలు, డీవీఆర్ (రికార్డింగు పెట్టె) వాచ్‌మన్ గదిలోనే. ఈ ఏడాది రెండుసార్లు బ్యాటరీలు, ఈకో వ్యాన్ల సైలెన్సర్లు పోయాయి. రికార్డింగు తిరగేస్తే నీడలే తప్ప మొహాలు లేవు. ఇంకో 32 కెమెరాలు, అవీ 8 ఎంపీ (మెగాపిక్సెల్) రకం, వేయించాలా? లేక రాత్రంతా దూరం నుంచి చూసే మానిటరింగ్ కంపెనీకి అప్పగించాలా?

మానిటరింగ్ పెట్టుకోండి. అయితే ఇప్పుడున్న కెమెరాలను అలాగే ఉంచి ఆ పని అప్పగిస్తే నెలనెలా డబ్బు దండగ. ముందు నిమిషాల లెక్క చూడండి, మిగతాదంతా అందులోంచే తేలుతుంది.

ఈకో సైలెన్సర్ కోసం దొంగలు ఎందుకు పడిచస్తారో మీకు తెలిసే ఉంటుంది. దాంతో కలిసి ఉండే, పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే ఖరీదైన లోహాలు ఉంటాయి. బండి అడుగు భాగం ఎత్తుగా ఉంటుంది కాబట్టి జాకీ లేకుండానే దూరొచ్చు. చెయ్యి తిరిగినవాడికి నాలుగైదు నిమిషాల పని. లారీ బ్యాటరీకి రెండు కేబుళ్లు, ఒక క్లాంపు. రెండు నిమిషాలు చాలు. కంచె దాటడానికి అర నిమిషం, బండి దాకా నడవడానికి ఇంకో అర నిమిషం. అంటే కంచె మీద చెయ్యి పడిన క్షణం నుంచి లెక్కేస్తే మీ చేతిలో ఉండేది మూడు నుంచి ఆరు నిమిషాలు. అతను బండి దగ్గరికి వచ్చాక గానీ మీ కెమెరాకు తెలియకపోతే అందులో మొదటి నిమిషం పోయినట్టే. వాచ్‌మన్ లేచి టార్చి వెతుక్కునేలోగా మిగతాదీ పోతుంది. కాబట్టి కంచె దగ్గరే పసిగట్టాలి, అర నిమిషంలో మనిషి గొంతు వినిపించాలి, రెండు మూడు నిమిషాల్లో కాపలావాడు అక్కడికి చేరాలి. కొనే ప్రతి వస్తువూ ఈ మూడింట్లో దేనికి పనికొస్తుందో చూసుకుని కొనండి.

కెమెరాల జోలికి వెళ్లేముందు రూపాయి పెద్దగా ఖర్చు లేని పనులు మూడున్నాయి. నెలలకొద్దీ నిలిచే బండ్ల బ్యాటరీలు ఎలాగూ డిశ్చార్జ్ అయి పాడవుతాయి. వాటిని విప్పి, సీరియల్ నంబరు, బండి నంబరు రాసిన ట్యాగు కట్టి, గాలి ఆడే తాళం గదిలో పెట్టండి. బండి విడుదలైనప్పుడు చార్జ్ చేసి బిగించడమే. బండి ఫైనాన్స్ కంపెనీ అప్పగించింది కాబట్టి బ్యాటరీ విప్పినట్టు ఇన్‌వార్డ్ షీటులో రాసి వాళ్ల మనిషితో సంతకం చేయించుకోండి. రెండోది: ఈకోలన్నీ ఒకే చోట, యార్డు నడిబొడ్డున, కాపలాగది కంటికి ఎదురుగా పెట్టండి. కంచె పక్క వరసలో వాటిని ఎప్పుడూ పెట్టకండి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: కంచెకూ మొదటి వరస బండ్లకూ మధ్య 3 మీటర్ల ఖాళీ పట్టీ వదలండి. 520 మీటర్ల చుట్టుకొలతకు 3 మీటర్లంటే 1,500 చదరపు మీటర్ల పైచిలుకు, ముప్పావు వంద కార్లకు పైగా పట్టే స్థలం, మనసొప్పదని తెలుసు. కానీ ఆ పట్టీ లేకపోతే దొంగ కంచె మీంచి నేరుగా టెంపో టాపు మీదికి దిగుతాడు, అక్కణ్నుంచి బండ్ల చాటునే తిరుగుతాడు. అప్పుడు ఏ కెమెరా అయినా చూసేది టైర్ల మధ్య కదిలే కాళ్లనే.

ఇక మీ రికార్డింగులో మొహాలు ఎందుకు లేవో చూద్దాం. ఈ రంగంలో ఏళ్లుగా వాడుకలో ఉన్న ఐఈసీ 62676-4 (కెమెరాలకు అంతర్జాతీయ ప్రమాణం) లెక్క ప్రకారం, దృశ్యంలో ఒక్కో మీటరు వెడల్పుకు 25 పిక్సెళ్లు పడితే ఏదో ఉందని తెలుస్తుంది. 62 పడితే మనిషి ఎలా ఉన్నాడో, ఏం వేసుకున్నాడో తెలుస్తుంది. 125 పడితే తెలిసిన మనిషిని పోల్చుకోవచ్చు. తెలియని మనిషిని ఫలానా అని గుర్తుపట్టాలంటే 250 కావాలి. మీవి 2 ఎంపీ కెమెరాలు, 3.6 మిల్లీమీటర్ల లెన్స్ అని రాశారు. అది దాదాపు 85 డిగ్రీల కోణం. 40 మీటర్ల దూరంలో అది 73 మీటర్ల వెడల్పు చూస్తుంది. 1,920 పిక్సెళ్లను 73 తో భాగిస్తే మీటరుకు 26. మనిషి మొహం 16 సెంటీమీటర్లు అనుకుంటే మొహమంతటికీ నాలుగు పిక్సెళ్లు. పోలీసులు ఎంత పెద్దది చేసి చూసినా అందులో కన్నూ ముక్కూ రావు. పగలు ఫోనులో చూసినప్పుడు యార్డంతా ఒక్క చూపులో కనబడుతుంది కాబట్టి బాగున్నట్టే అనిపిస్తుంది. వెడల్పు చూపించి కెమెరాలు అమ్మేవాళ్లు ఎక్కువ కావడానికి కారణం అదే.

8 ఎంపీ దీనికి మందు కాదు. అదే సైజు సెన్సర్ (వెలుతురును అందుకునే చిప్పు) మీద పిక్సెళ్లు ఎక్కువైతే ఒక్కో పిక్సెల్‌కు అందే వెలుతురు తగ్గుతుంది. రాత్రి బొమ్మ గింజలు గింజలుగా మారుతుంది, కదిలేది మసకబారుతుంది, హార్డ్ డిస్కు మాత్రం రెట్టింపు తింటుంది. 4 ఎంపీ తీసుకోండి, సెన్సర్ మాత్రం 1/1.8 అంగుళాలది అడగండి. కంచె వెంబడి చూసే వాటికి కోణం 50 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి. లెన్స్ ఎన్ని మిల్లీమీటర్లని అడగొద్దు, కోణం ఎన్ని డిగ్రీలని అడగండి. అదే 6 మిల్లీమీటర్ల లెన్స్ చిన్న సెన్సర్ మీద ఒక కోణం, పెద్ద సెన్సర్ మీద ఇంకో కోణం ఇస్తుంది. కొటేషన్లలో జరిగే పొరపాట్లు చాలావరకు ఇక్కడే. 50 డిగ్రీల కోణానికి 40 మీటర్ల దూరాన వెడల్పు 37 మీటర్లు. 2,560 పిక్సెళ్లను 37 తో భాగిస్తే మీటరుకు 69. అంత దూరంలోనూ మనిషి ఎత్తు వంద పిక్సెళ్ల పైనే ఉంటుంది కాబట్టి మనిషా కుక్కా అని కెమెరాలోని సాఫ్ట్‌వేర్ ధీమాగా తేల్చగలదు. 20 మీటర్ల లోపుకు వస్తే 137, అక్కడ తెలిసిన మొహాన్ని పోల్చుకోవచ్చు.

మీ స్థలం 100 మీటర్లు, 160 మీటర్లు అని చెప్పారు. చుట్టూ 520 మీటర్లు. స్తంభానికీ స్తంభానికీ 35 మీటర్లు పెట్టుకుంటే మూలలతో కలిపి 16 కెమెరాలు వస్తాయి. అన్నీ ఒకే దిశలో, గడియారం ముల్లు తిరిగినట్టు, కంచె వెంబడే చూడాలి. కంచె బయటికో యార్డు మధ్యకో చూడకూడదు. 4 మీటర్ల ఎత్తు స్తంభం మీద బిగించిన కెమెరాకు తన కాళ్ల దగ్గర ఏడెనిమిది మీటర్లు గుడ్డిచోటు ఉంటుంది. దాన్ని వెనకాల స్తంభం మీది కెమెరా చూడాలి. అందుకే ఒక్కో కెమెరా 35 మీటర్ల తర్వాత ఇంకో ఏడెనిమిది మీటర్లు కూడా చూసేలా పెట్టుకోవాలి. ఎవడైనా ఒక కెమెరా కేబుల్ కోసినా వెనకది వాణ్ని చూస్తూనే ఉంటుంది. స్తంభాలు 4 అంగుళాల జీఐ పైపు, కింద 2 అడుగుల చదరం, 3 అడుగుల లోతు కాంక్రీటు. పల్చటి పైపు వేస్తే గాలికి ఊగుతుంది. స్తంభం ఊగితే బొమ్మంతా ఊగుతుంది, బొమ్మ ఊగితే అలారాలే అలారాలు.

గేటు దగ్గర నాలుగు: లోపలికొచ్చే నంబరు ప్లేటుకు ఒకటి, బయటికెళ్లే ప్లేటుకు ఒకటి, డ్రైవరు మొహానికి రెండున్నర మీటర్ల ఎత్తులో ఒకటి, మొత్తం గేటు కనబడేలా ఒకటి. ప్లేటు కెమెరా వేరే పని చేయకూడదు. దాని షట్టర్ 1/500 కి గానీ 1/1000 కి గానీ కట్టేయాలి, ప్లేటును చూసే కోణం 30 డిగ్రీలు దాటకూడదు. ఇప్పటి హెచ్ఎస్ఆర్‌పీ (హై సెక్యూరిటీ నంబరు) ప్లేట్లు వెలుతురును తిరిగి విసిరికొడతాయి కాబట్టి మామూలు సెట్టింగులో రాత్రి తెల్ల చదరమే కనబడుతుంది, అంకెలుండవు. కీ బాక్స్ గదిలో ఒకటి, ఎన్వీఆర్ (కొత్త కెమెరాల రికార్డింగు పెట్టె) గదిలో ఒకటి. మధ్యలో రెండు పీటీజెడ్ కెమెరాలు. మొత్తం 24. పీటీజెడ్‌ను పసిగట్టే పనికి వాడొద్దు. అది తిరుగుతూ ఉంటుంది, దొంగ వచ్చేటప్పుడు ఇంకోవైపు చూస్తూ ఉంటుంది. కంచె కెమెరా అలారం ఇచ్చాక అటు తిరిగి దగ్గరగా చూపించడమే దాని పని. ప్రతి కంచె కెమెరాకు ఒక ప్రీసెట్ (అలారం రాగానే పీటీజెడ్ తిరగాల్సిన చోటు) ముందే కట్టి పెట్టాలి.

థర్మల్ కెమెరా (ఒంటి వేడిని బట్టి చూపించేది) గురించి అడిగారు. వెనకవైపు నీలగిరి తోపు ఆనుకుని ఉన్న 160 మీటర్ల పక్కకు ఒకటో రెండో పెట్టుకుంటే మంచిదే. బెంగళూరు రాత్రులు చల్లబడతాయి కాబట్టి మనిషి ఒళ్లు స్పష్టంగా వేరుపడుతుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున పొగమంచు కమ్మినప్పుడు మామూలు కెమెరా కన్నా మెరుగు. అది మొహం చూపించదని మాత్రం గుర్తుంచుకోండి.

రాత్రి వెలుతురు విషయంలో కొంచెం ఆగాలి, ఎందుకంటే దూరపు మానిటరింగ్ చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. కెమెరాలోనే ఉండే ఐఆర్ లైట్ల (మన కంటికి కనబడని వెలుతురువి) ముందు పురుగులు ఎగురుతాయి, పురుగుల కోసం సాలీడు వస్తుంది, అద్దం ముందే గూడు కడుతుంది. గాలికి ఆ దారం ఊగిన ప్రతిసారీ ఐఆర్ వెలుగులో అది తెల్లగా, లావుగా, తెర మీద సగం మేర కదులుతుంది. మొదటి వానలకు ఉసిళ్లు లేచిన రాత్రి సంగతి చెప్పనే అక్కర్లేదు, 16 కెమెరాలూ ఒకేసారి మొత్తుకుంటాయి. వాన చినుకులూ అంతే, అద్దానికి అడుగు దూరంలో పడే చినుకు మెరుపు గీతలా పోతుంది. దీనికి ఒకే దారి: కెమెరాలోని ఐఆర్ ఆపేసి, వెలుతురు కెమెరాకు కనీసం మీటరు దూరంలో, స్తంభం మీద వేరే ఎత్తున పెట్టాలి. చుట్టూ 5 లక్స్ దాకా సన్నటి ఎల్ఈడీ వెలుతురు రాత్రంతా ఉంచి, అలారం వచ్చినప్పుడు ఆ వైపు 30 వాట్ల ఫ్లడ్‌లైటు భగ్గున వెలిగేలా కట్టడం మేలు. వెలుతురు ఉంటే రంగులు కనబడతాయి. ‘ఎర్ర చొక్కా’ అని చెప్పగలిగితే స్పీకర్లో పిలుపుకు పదును వస్తుంది. ఏ లైటూ కెమెరా కంట్లోకి గానీ, వరసలోని విండ్‌షీల్డుల మీదికి నేరుగా గానీ పడకూడదు.

కంచె వెంబడి కలుపు ఇంకో శత్రువు. మన వైపు వానలు పడ్డ నెలకే వయ్యారిభామ నడుమెత్తు పెరుగుతుంది. గడ్డి వెనక పాకుతున్న మనిషిని సాఫ్ట్‌వేర్ మనిషిగా గుర్తించదు, గాలికి ఊగే గడ్డిని మాత్రం ఏదో అనుకుంటుంది. 3 మీటర్ల పట్టీలో కంకర పరిపించండి. కంచె మీదికి వాలిన నీలగిరి కొమ్మలు కొట్టించండి. పాత టార్పాలిన్ల మూలలు కట్టేయండి.

సెట్టింగుల్లో మోషన్ డిటెక్షన్ (ఏది కదిలినా అలారం) పూర్తిగా ఆపేసి, మనిషి, వాహనం అని విడదీసి చెప్పే లైన్ క్రాసింగ్ (గీత దాటితే అలారం), ఇంట్రూజన్ (గీసిన జోన్‌లోకి వస్తే అలారం) రెండింటినే వాడండి. గీత కంచె మీద గీయకండి, కంచెకు లోపల మీటరు దూరంలో గీయండి. లేకపోతే బయట దారిన పోయేవాళ్లంతా అలారాలే. హైవే హెడ్‌లైట్లు పడే మూలలో గీత జోన్‌ను చిన్నది చేయండి. కనీస సైజు పెట్టేటప్పుడు దూరపు అంచున ఒక మనిషిని నిలబెట్టి, కూర్చోబెట్టి, పాకించి కొలత తీసుకోండి. ఆఫీసులో కూర్చుని అంచనా వేసిన సైజు పాకే మనిషిని వదిలేస్తుంది. జోన్‌లో ఉండాల్సిన సమయం ఒక సెకను చాలు. ఐదు సెకన్లు పెడితే తప్పుడు అలారాలు తగ్గుతాయి నిజమే, పరుగెత్తి దాటినవాడూ తప్పించుకుంటాడు. మొత్తం సైటుకు రాత్రికి పది, పదిహేను అలారాలైతే అవతలి ఆపరేటర్ ప్రతిదీ నిజంగా చూస్తాడు. నలభై దాటిందంటే చూడకుండానే మూసేయడం మొదలవుతుంది. మనుషులు అంతే, ఆపరేటర్ని తిట్టి లాభం లేదు.

కేబుళ్ల దగ్గర పొదుపు చేయకండి. క్యాట్ 6 కేబుల్ మీద పీఓఈ (అదే తీగలో కెమెరాకు కరెంటు కూడా పంపడం) 100 మీటర్ల దాకానే. మార్కెట్లో తక్కువ రేటుకు వచ్చేవి చాలావరకు రాగి పూత పూసిన అల్యూమినియం. వాటికి నిరోధం అసలు రాగి కన్నా ఒకటిన్నర రెట్లకు పైనే. పగలు బాగానే పనిచేస్తాయి. రాత్రి లైట్లు వెలిగి కెమెరా ఎక్కువ కరెంటు లాగగానే చివరి కొసన వోల్టేజి పడిపోయి, కెమెరా రీస్టార్ట్ అవుతూ ఉంటుంది. ‘రాత్రే ఆగుతోంది, పొద్దున చూస్తే బాగుంది’ అంటే ముందు కేబుల్ని అనుమానించండి. తీగ కొస గీకి చూడండి, లోపల తెల్లగా ఉంటే వెనక్కి పంపేయండి.

యార్డులో నాలుగు చోట్ల ఐపీ 66 (నీళ్లు, దుమ్ము చొరబడని) పెట్టెలు పెట్టి, ఒక్కోదాంట్లో 8 పోర్టుల పీఓఈ స్విచ్, ఎంసీబీ, సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించండి. స్విచ్ ఇండస్ట్రియల్ రకం కావాలి, ఎండలో మూసిన పెట్టెలోపల వేడికి ఆఫీసు స్విచ్ వేసవి దాటదు. పెట్టెల నుంచి ఆఫీసుకు రాగి తీగ వేయొద్దు, సింగిల్ మోడ్ ఫైబర్ (గాజు తీగ) వేయండి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి ఉరుములు, పిడుగులు మీకు తెలిసినవే. దగ్గర్లో పిడుగు పడితే రెండు స్తంభాల కింద నేల వోల్టేజిలు వేరువేరుగా లేస్తాయి, ఆ తేడా రాగి తీగ వెంట పరుగెత్తి ఎన్వీఆర్ దాకా అన్నీ కాల్చేస్తుంది. ఫైబర్‌లో కరెంటు పారదు కాబట్టి నష్టం ఒక పెట్టెతో ఆగుతుంది. ఫైబర్ హెచ్‌డీపీఈ పైపులో 2 అడుగుల లోతున పోవాలి, నాలుగు పెట్టెలూ రింగుగా కలవాలి, జేసీబీ ఒకచోట తెంపినా రెండోవైపు నుంచి నడుస్తుంది. ఎర్తింగ్ 5 ఓంల లోపు ఉండాలి, వేసిన రోజు మీ ఎదుటే మీటరుతో కొలిపించండి.

కరెంటు లెక్క ఇలా ఉంటుంది. 24 కెమెరాలకు ఒక్కోదానికి 10 వాట్ల చొప్పున 240. స్విచ్‌లు, ఎన్వీఆర్, రౌటర్లు కూడా కలిపితే మొత్తం 350 వాట్లు. బెస్కాం (ఇక్కడి విద్యుత్ సంస్థ) సరఫరా పోతే రాత్రి 12 గంటలు నడవాలంటే 4,200 వాట్ అవర్లు. ఇన్వర్టర్ నష్టం తీసేసి, బ్యాటరీని 70 శాతం కన్నా లోతుగా వాడకూడదని లెక్కేస్తే 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలు నాలుగు కావాలి. లైట్లకు వేరే లైను పెట్టండి, వాటిని దీని మీద వేయొద్దు.

డిస్కు: 4 ఎంపీ, హెచ్.265 (వీడియోను కుదించే పద్ధతి), సెకనుకు 15 ఫ్రేములకు 2 ఎంబీపీఎస్ అనుకుంటే ఒక్కో కెమెరా రోజుకు 21.6 జీబీ. 24 కెమెరాలకు 30 రోజులు దాదాపు 15.5 టీబీ. 10 టీబీ సర్వైలెన్స్ డిస్కులు రెండు. మామూలు కంప్యూటర్ డిస్కులు రాత్రింబవళ్లు రాయడానికి తయారైనవి కావు.

ఇంటర్నెట్ రెండు దారుల్లో ఉండాలి: ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్ ఒకటి, వేరే కంపెనీ 4జీ సిమ్ ఒకటి, ఒకటి పోతే రెండోది దానంతటదే అందుకునే రౌటర్‌తో. రోడ్డు పక్క స్తంభాల మీద వేలాడే బ్రాడ్‌బ్యాండ్ తీగను కోయడం దొంగకు కత్తెర పని. 24 కెమెరాల సబ్‌స్ట్రీమ్‌లు (తక్కువ నాణ్యత బొమ్మలు) 512 కేబీపీఎస్ చొప్పున 12 ఎంబీపీఎస్ అప్‌లోడ్ అడుగుతాయి, 4జీ మీద అంత నమ్మకంగా రాదు. కాబట్టి సిమ్ మీద ఉన్నప్పుడు అలారం క్లిప్పులు, ఒకటి రెండు లైవ్ బొమ్మలు మాత్రమే పోయేలా కట్టాలి. రెండు లైన్లూ పోతే? దాన్నే పెద్ద అలారంగా పరిగణించాలని ఒప్పందంలో రాయించండి. నిమిషానికోసారి మీ సైటు నుంచి ‘ఉన్నాను’ అనే సంకేతం అవతలికి పోవాలి. రెండు నిమిషాలు అది రాకపోతే వాచ్‌మన్‌కు, మీకు ఫోను రావాలి, వాచ్‌మన్ కంచె చుట్టూ నడవాలి.

రౌటర్లో పోర్టులు తెరిచి కెమెరాలను ఇంటర్నెట్ మీద పడేయొద్దు. చాలా బ్రాడ్‌బ్యాండ్, సిమ్ కనెక్షన్లలో అది పనిచేయదు కూడా, ఎందుకంటే మీకంటూ సొంత ఐపీ ఉండదు. మానిటరింగ్ కంపెనీతో వీపీఎన్ (ఇంటర్నెట్‌లో బయటివాళ్లు చొరబడని దారి) పెట్టించండి. వచ్చేటప్పుడు ఉన్న పాస్‌వర్డ్ ఒక్క కెమెరాలో కూడా మిగలకూడదు. కెమెరాలకు ప్రభుత్వం పెట్టిన భద్రతా ప్రమాణాలు, ఎస్‌టీక్యూసీ (కేంద్ర ప్రభుత్వ పరీక్షా సంస్థ) పరీక్ష 2025 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయ్యాయి. పాత స్టాక్ అంటగట్టకుండా మోడల్ నంబరు పేరున సర్టిఫికెట్ అడగండి.

ఇప్పుడు అసలు మనుషులు. మానిటరింగ్ కంపెనీని ఎన్నుకునేటప్పుడు గోడ నిండా టీవీలున్న గది చూసి మురిసిపోకండి. ఒక్కో ఆపరేటర్ చేతిలో రాత్రికి ఎన్ని సైట్లున్నాయి? అలారం వచ్చిన సెకను, తెరిచిన సెకను, మాట్లాడిన సెకను వాళ్ల లాగ్ రికార్డులో కనబడతాయా? నెలకోసారి ఆ రికార్డు మీకిస్తారా? కాపలా మనుషులనూ వాళ్లే పంపిస్తామంటే 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద కర్ణాటక లైసెన్సు ఉందా? ఈ నాలుగూ అడగండి. వరస ఇలా ఉండాలి: పది సెకన్లలో అలారం తెర మీదికి, ఇంకో పదిహేను సెకన్లలో మనిషే అని నిర్ధారణ, వెంటనే స్పీకర్లో హెచ్చరిక, అదే సమయంలో వాచ్‌మన్‌కు ఫోను, లోపలికొచ్చినవాడు బయటికి పోకపోతే 112 కు.

స్పీకర్లో రికార్డు చేసిన సైరన్ వేస్తే దొంగ రెండోసారికి దాన్ని పట్టించుకోడు. బతికున్న మనిషి గొంతు వేరు. ‘వెనక కంచె దగ్గర నీలం షర్టు వేసుకున్న నువ్వే, గోనెసంచి కింద పెట్టు, పోలీసులకు చెప్పేశాం’ అని కన్నడంలో, హిందీలో, అవసరమైతే తెలుగులో, తమిళంలో అన్నారంటే తనని నిజంగా చూస్తున్నారని వాడికి అర్థమవుతుంది. ఆపరేటర్‌కు ఏయే భాషలు వచ్చో ముందే అడగండి. హార్న్ స్పీకర్ మీటరు దూరాన 120 డెసిబెళ్లు ఇస్తే, దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 తగ్గి 32 మీటర్ల దగ్గర 90 మిగులుతుంది. చుట్టూ ఆరు స్పీకర్లు సరిపోతాయి. మొత్తం యార్డుకు గేటు దగ్గర ఒకటి పెడితే వెనక మూలన మాటలు అర్థం కావు.

112 కు ఫోను చేసినప్పుడు చిరునామా వెతుక్కునే పరిస్థితి రాకూడదు. హొసకోటె బెంగళూరు సిటీ కమిషనరేట్‌లోకి రాదు, జిల్లా పోలీసుల కిందికి వస్తుంది. మీ స్టేషనుకు ముందే వెళ్లి, యార్డు లొకేషను, వెనక దారి, తాళం ఎవరి దగ్గరుంటుందో రాసిచ్చి రండి. అనవసరపు ఫోన్లతో వాళ్లను విసిగించకుండా, మనిషి లోపల ఉన్నాడని కళ్లారా చూశాకే చేయాలని మానిటరింగ్ వాళ్లకు చెప్పండి.

వాచ్‌మన్లను తీసేయొద్దు. ఒకరు చాలు అని కొందరు సలహా ఇస్తారు, 4 ఎకరాలకు రాత్రి ఒక్కడే ఉండటం అతని ప్రాణానికే ముప్పు. ఇద్దరుండాలి, ఒకరు గేటు వదలకూడదు. వెళ్లి పట్టుకోవాల్సిన పని వాళ్లది కాదు, టార్చి వేసి, అరిచి, కనబడితే చాలు.

సీజింగ్ యార్డుల్లో సరుకు పోవడంలో లోపలివాళ్ల చెయ్యి ఉండటం కొత్తేమీ కాదు, మీరు దాని గురించి అడగలేదు గానీ చెప్పక తప్పదు. డీవీఆర్ వాచ్‌మన్ గదిలో ఉంటే అది ఎవరి చేతిలో ఉన్నట్టు? ఎన్వీఆర్ వేరే తాళం ర్యాకులోకి పోవాలి, గేటు కెమెరాల రికార్డింగు రెండో ప్రతి బయట సర్వర్‌కు పోవాలి. రాత్రి 8 తర్వాత బండ్ల వరసల్లో ఏ మనిషైనా 20 సెకన్లకు మించి నిలబడితే అలారం రావాలి, అది వాచ్‌మన్ అయినా సరే. మానిటరింగ్‌ను ఆపే అధికారం మీ ఒక్కరి ఫోనుకే ఉండాలి, ఆపిన ప్రతిసారీ సమయం లాగ్ రికార్డులో పడాలి. బండి లోపలికొచ్చేటప్పుడు బ్యాటరీ సీరియల్, స్టెప్నీ, ఓడోమీటర్, స్టీరియో, బండి అడుగున సైలెన్సర్ విడివిడిగా ఫొటోలు తీయించండి. ఏది యార్డుకు రాకముందే లేదో, ఏది ఇక్కడ పోయిందో తెలియకపోతే ఫైనాన్స్ కంపెనీ లెక్కలో అన్నీ మీ నెత్తినే పడతాయి.

దొంగతనం జరిగిపోతే రికార్డింగు కోర్టులో నిలబడాలి. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం అమల్లో ఉంది. అందులో 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ రెండు భాగాలుగా ఇవ్వాలి, ఒకటి మీరు, ఒకటి నిపుణుడు. ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంఖ్య) అందులో రాయాలి. ఫోనుతో తెర మీద వీడియో తీసి వాట్సాప్‌లో పంపడం సాక్ష్యం కాదు. అసలు ఫైలును ఎన్వీఆర్ నుంచి ఎగుమతి చేసి, అప్పుడే హ్యాష్ తీసి, డిస్కును తిరిగి రాయకుండా పక్కన పెట్టండి. అన్ని కెమెరాల గడియారాలు ఒకే టైమ్ సర్వర్‌తో కలిపి ఉంచాలి. గేటు కెమెరా ఏడు నిమిషాలు ముందు, కంచె కెమెరా నాలుగు నిమిషాలు వెనక ఉంటే అవతలి వకీలు మొదట పట్టుకునేది దాన్నే.

పని ఒప్పగించుకునేటప్పుడు చివరి 20 శాతం డబ్బు ఆపి పెట్టండి. రాత్రి 10 కి, 2 కి, ఒక వాన రాత్రి, మీ మనిషి ఒకడు కంచె చుట్టూ ప్రతి 5 మీటర్లకు ఒకసారి లోపలికి అడుగు పెట్టాలి. నడిచి, పరుగెత్తి, పాకి, గొడుగు అడ్డం పెట్టుకుని. ప్రతిదానికీ అలారం వచ్చిందా, ఎన్ని సెకన్లకు గొంతు వినిపించిందో కాగితం మీద రాయండి. 14 రాత్రులు తప్పుడు అలారాలు పదిహేను దాటకుండా ఉంటేనే మిగతా డబ్బు ఇవ్వండి.

చేతిలో సగం డబ్బే ఉంటే 24 కెమెరాలూ సగం నాణ్యతలో వేయించుకోకండి. గేటు నాలుగూ, నీలగిరి తోపు వైపున్న 160 మీటర్లకు ఐదు కంచె కెమెరాలూ, రెండు స్పీకర్లూ, రెండు ఇంటర్నెట్ లైన్లూ, ఎర్తింగూ మొదట చేయించండి. ఫైబర్ పైపు మాత్రం నాలుగు వైపులా ఇప్పుడే పూడ్చేయండి, బండ్లు నిండిన యార్డులో మళ్లీ కాలువ తవ్వడం కుదిరే పని కాదు. పాత 16 కెమెరాలను హైవే వైపు ఉన్నచోటే ఉంచండి, మానిటరింగ్‌కు మాత్రం కలపకండి. వాటి నుంచి వచ్చే తప్పుడు అలారాలు కొత్తవాటి మీద కూడా నమ్మకం పోగొడతాయి.